తొలిబొక్కెన తిట్లు

ఒకానొక రాజ్యంలో, సముద్రపు ఒడ్డున, నేల తవ్వితే నీళ్లకు బదులు నూనె పడేది. నువ్వుల నూనె అనుకునేరు, కాదు. నల్లగా, చిక్కగా, ముక్కు పగిలే వాసనతో ఉండే నేలనూనె. దివిటీలకు అదే, బండి ఇరుసులకు అదే, ఓడల అడుగున పూయడానికీ అదే. ఆ నూనె కోసం ఎక్కడెక్కడి దేశాల ఓడలూ వచ్చి రేవులో బారులు తీరేవి. రాజ్యం పేరు తైలపురి. రాజు పేరు ఉద్దండవర్మ.

ఈ ఉద్దండవర్మ మంచివాడా, చెడ్డవాడా అని నన్నడిగితే నేను చెప్పలేను. ఆ రాజ్యంలో వాళ్లే చెప్పలేకపోయారు, నేనెంత! ఆయన గద్దెనెక్కాక ఇంటింటికీ నెలకొక కుండెడు నూనె ఊరికే ఇప్పించాడు. అంతకుముందు పొద్దుగూకితే తడుముకుంటూ తిరిగిన గుడిసెల్లో దీపాలు వెలిగాయి. పొరుగున ఉన్న చక్రవర్తి "మీ బావులు మావి" అని కన్నెర్రజేస్తే, "నీ దిక్కున్న చోట చెప్పుకో" అని కబురు పంపాడు. అదంతా ఒక ఎత్తు, మిగతాది ఒక ఎత్తు. ఆ నూనె రాబడితోనే ఊరి నలుమూలలా తన విగ్రహాలు నలభై రెండు నిలబెట్టించాడు. చక్రవర్తితో పంతానికి పోయి అక్కణ్ణుంచి వచ్చే బెల్లం పడవల్ని ఆపించుకున్నాడు. మూడేళ్లుగా తైలపురిలో ఏ పండక్కీ పాయసం లేదు. కాదన్నవాళ్లను ఓడెక్కించి ఎక్కడో దీవుల్లో దింపించాడు.

అందుకని ఒకే ఇంట్లో అత్తగారు రాజుగారి బొమ్మకు హారతి ఇస్తుంటే కోడలు వెనక నిలబడి మెటికలు విరిచేది. మంగలి దుకాణంలో సగం గడ్డం గీయించుకున్నవాడు ఆ సగంతోనే లేచి పోట్లాటకు దిగేవాడు.

"మా ఇంట దీపం పెట్టిన దేవుడాయన!" అని ఒకడనేవాడు.

"పెట్టాడులే! ఆ వెలుగులో చూసుకోడానికి వీధికొక తన బొమ్మ కూడా పెట్టాడు" అనేవాడు ఇంకొకడు.

ఈ మాటలు రాజుగారి చెవిన పడ్డాయి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా! వెంటనే శాసనం చేయించాడు. రాజును గురించి ఎవరి నోటా చెడ్డమాట రాకూడదు, వస్తే ఓడెక్కవలసిందే. అంతే, ఊరంతా కుక్కిన పేనులా పడి ఉంది. మంగలి దుకాణంలో కత్తి గీసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

రాజుగారికి అదీ చాలలేదు. పెద్దమంత్రి ఆనందభట్టును పిలిచి, "జనం ఊరుకుంటే సరిపోయిందా? నన్ను ఎంతమంది మెచ్చుకుంటున్నారో నాకు తెలియాలి" అన్నాడు.

"ఎంతలో పని ప్రభూ!" అన్నాడు ఆనందభట్టు. ఆయన రాజుగారి మాట పూర్తికాకముందే తల ఊపడం మొదలుపెట్టే రకం.

మర్నాడు దండోరా వేయించాడు. ఇంటికొక మనిషి రావాలి, చేతికొక చింతగింజ ఇస్తారు. రాజు మంచివాడనుకుంటే తెల్లకుండలో వేయాలి, చెడ్డవాడనుకుంటే నల్లకుండలో వేయాలి. ఎవరి ఇష్టం వారిది, బలవంతమేమీ లేదు. తెల్లకుండ కోట గుమ్మం ముందు, చల్లని పందిరి కింద, పూలదండ వేసి ఉంది. నల్లకుండ ఎక్కడుందయ్యా అంటే చెరసాల లోపల ఉంది. లోపలికి వెళ్లడానికి దారి చూపిస్తాం గాని తిరిగి రావడానికి దారి మాకు తెలియదని భటులు మర్యాదగానే చెప్పారు.

ఇంకేముంది! సాయంత్రానికి తెల్లకుండలు పదిహేడు నిండాయి. నల్లకుండలో ఒక సాలెపురుగు గూడు కట్టుకుంది.

ఒక్క గింజ మాత్రం ఏ కుండలోనూ పడలేదు. గవరయ్య అనే బావిమనిషి దాన్ని మొలలో దోపుకుని వెళ్లిపోబోయాడు. భటుడు ఆపి, "ఏమయ్యా, గింజ వేయవా?" అని అడిగాడు.

"ఈ రాజుగారి గురించి నాకు రెండు ముక్కలున్నాయి బాబూ. ఒకటి మంచిది, ఒకటి కాదు. రెండూ చెప్పాలంటే ఒక్క గింజ ఎలా సరిపోతుంది?" అన్నాడు గవరయ్య.

అన్నవాణ్ణి అన్నట్టే పట్టుకుపోయి చెరసాలలో వేశారు. ఏటా బావిలోంచి తొలిసారి నూనె తోడే తొలిబొక్కెన పండుగనాటి సాయంత్రం దీవులకు పోయే ఓడ ఎక్కించాలని తీర్పయింది. పండుగ ఇంకా ఐదు రోజులుంది.

ఆ కొలువులో తిప్పన అని ఒక చమత్కారి ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, గాలికి ఊగే గడకర్రలా ఉండేవాడు. నోటితో ఎవరినైనా బోల్తా కొట్టించగలడు గాని మనిషి మాత్రం మహా పిరికి. మేడమెట్లు దిగడానికే గోడ పట్టుకునే బాపతు. గవరయ్య భార్య నూకాలమ్మ వెతుక్కుంటూ అతని ఇంటికే వచ్చింది. నల్లటి నూనె మరకల చీర, తాడు రాసుకుని కాయలు కాసిన అరచేతులు.

"బాబుగారూ, మీరు మాటకారులంటారు. మీ చమత్కారాలు నాకొద్దు, నా మొగుణ్ణి నాకు తెచ్చిపెట్టండి" అంది, గుమ్మంలో నిలబడే.

"కూర్చో అమ్మా. అసలు మీ ఆయన పనేమిటి?"

"బావిలోకి దిగడం ఆయన పని. పైన తాడు పట్టడం నా పని. పదకొండేళ్లుగా ఆయన ప్రాణం నా చేతుల్లో ఉంది. ఒక్కనాడూ జారనివ్వలేదు. ఇప్పుడు ఓడెక్కిస్తే ఆ దీవుల్లో ఆయన తాడెవరు పడతారు?" అంటూ కళ్లు తుడుచుకుంది.

తిప్పన పీట వాల్చాడు. మాటల్లో పెడితే కాస్త తేరుకుంటుందని, "అయితే అంత లోతున ఉన్న మనిషి బాగున్నాడో లేదో పైనున్న నీకెలా తెలుస్తుంది?" అని అడిగాడు.

"తిట్లను బట్టి బాబూ."

"తిట్లా?"

నూకాలమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "మీ కోటలో వాళ్లకు తెలీదు గాని, బావిలో దిగినవాడు పైన తాడు పట్టినవాళ్లను తిడుతూనే ఉండాలి. అది మా తాతల నాటి కట్టుబాటు. బావి అడుగున ఒక పాడుగాలి ఉంటుంది. అది తలకెక్కిందంటే మనిషికి తెలియకుండానే ప్రాణం పోతుంది. తిట్టడానికి ఊపిరి కావాలి, బుద్ధి కావాలి, రోషం కావాలి. తిడుతున్నాడంటే మూడూ ఉన్నట్టే. నన్ను ఆయన దున్నపోతా అంటే చాలు, నాకు ప్రాణం కుదుటపడుతుంది."

"మరి తిట్టడం మానేస్తే?"

"వెంటనే లాగేస్తాం. ఇంకోటుంది బాబూ. పాడుగాలి ఎక్కినవాడు ఊరుకోవడానికి ముందు పొగుడుతాడు. మత్తులో అలా వస్తాయి మాటలు. ఒకసారి ఆయన కింద నుంచి 'నూకాలూ, నువ్వు మహాలక్ష్మివే' అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అరచేతులు కాలిపోతున్నా లాగి పడేశాను."

తిప్పన ఆ అరచేతుల వంక చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"తొలిబొక్కెన పండుగనాడు తాడు పట్టేదెవరమ్మా?"

"రాజే పట్టాలి. పెద్దరాజుగారు ముప్పై ఏళ్లు పట్టారు, నవ్వుకుంటూ తిట్లు తిన్నారు. ఈయనేమో తన చేతులు కందిపోతాయని సేనాపతిని పంపేవారు. ఆ సేనాపతి మహానుభావుడు, తిట్లు తిని, పండుగ భోజనం తిని, ఇంటికెళ్లి పడుకునేవాడు. ఈ ఏడు పైదేశం వర్తకులు చూడ్డానికొస్తున్నారని రాజుగారే స్వయంగా పడతారట."

"ఈ కట్టు సంగతి ఆయనకు తెలుసా?"

"ఒక్కసారైనా వస్తే కదా తెలియడానికి!"

తిప్పన లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు. "ఇంటికెళ్లమ్మా. నేనొకసారి కొలువుకు పోయొస్తాను" అన్నాడు.

కొలువులో పదిహేడు కుండలూ వరుసగా పేర్చి ఉన్నాయి. రాజుగారు వాటివంక మురిపెంగా చూసుకుంటున్నాడు. తిప్పన చేతులు జోడించి గవరయ్యను వదిలేయమని అడిగాడు.

"వదలనా! రాజ్యం మొత్తానికి ఒక్కడు తేడా వచ్చాడు. వాడు ఓడెక్కితే నాకు నూటికి నూరు. వాడు ఉంటే ఆ వెలితి ఉండిపోతుంది" అన్నాడు ఉద్దండవర్మ.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు ప్రభూ! ఊళ్లో నోళ్లన్నీ మనం మంచివి చేశాం" అన్నాడు ఆనందభట్టు.

"తమరు వాటిని మంచివి చేయలేదు మంత్రిగారూ, మూయించారు" అన్నాడు తిప్పన. తర్వాత రాజు వైపు తిరిగి, "ప్రభూ, అన్నంలో ఉప్పు ఎంత అవసరమో రాజుకు తిట్టూ అంత అవసరమే. ఏదో ఒకనాడు తమరే కావాలని అడుగుతారు" అన్నాడు.

రాజు సింహాసనం కదిలేలా నవ్వాడు. "నేనా? నన్ను తిట్టమని నా నోటితో నేను అడుగుతానా? ఒరే తిప్పనా, అడిగిన రోజున ఆ గవరయ్యను వదిలేస్తాను. ఆ శాసనం కూడా చింపేస్తాను. సరేనా?"

"ప్రభువుల మాటకు తిరుగులేదు కదా?"

"లేదు. కాని పండుగ సాయంత్రానికి నేను అడక్కపోతే, గవరయ్య పక్కన నువ్వూ ఓడెక్కుతావు. నీ నాలుక దీవుల్లో కోతులకు వినోదం!"

కొలువంతా ఘొల్లుమంది. తిప్పన కూడా నవ్వాడు గాని, బయటికి పోయేటప్పుడు గోడ పట్టుకునే నడిచాడు.

మర్నాడు రాజుగారికి చిక్కొచ్చి పడింది. పండుగనాడు బావిలో దిగడానికి బావిమనుషులు ఒక్కరూ ఒప్పుకోలేదు. పట్టుకెళ్లి నిలదీస్తే, ఒంట్లో బాగాలేదని ఒకడు, మొక్కు ఉందని ఒకడు, కాలు బెణికిందని ఒకడు. అసలు సంగతి రాజుగారికి చెప్పే ధైర్యం ఎవరికుంది! రాజు తాడు పడితే తిట్టాలి. తిడితే ఓడెక్కాలి. తిట్టకుండా దిగితే ఓడ దాకా కూడా పోనక్కర్లేదు.

అప్పుడు తిప్పన ముందుకొచ్చి, "నేను దిగుతాను ప్రభూ" అన్నాడు. మేడమెట్లు గోడ పట్టుకు దిగే మనిషి ఆ మాట అనేసరికి రాజుకే ఆశ్చర్యం వేసింది.

మిగిలిన మూడు రోజులూ నూకాలమ్మ తన పెరట్లో అతనికి తర్ఫీదు ఇచ్చింది. నడుముకు తాడు ఎలా కట్టుకోవాలో, ముక్కుకు తడిగుడ్డ ఎలా చుట్టుకోవాలో, తోలుబొక్కెన ఎలా ముంచాలో అన్నీ నేర్చుకున్నాడు. ఒక్క తిట్లే రాలేదు.

"ఓరీ మందమతీ! వివేకహీనుడా!" అన్నాడు తిప్పన గొంతెత్తి.

నూకాలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇది తిట్టా బాబూ, దీవెనా? అంత లోతు నుంచి అది పైకెక్కి వచ్చేసరికి సంధ్యావందనంలా వినిపిస్తుంది. కడుపులోంచి రావాలి. మీకెవరిమీదా కోపం లేదా?"

తిప్పన ఒక్క క్షణం ఆలోచించాడు. నల్లకుండ గుర్తొచ్చింది. మంగలి దుకాణంలో సగం మాట మింగేసిన మనుషులు గుర్తొచ్చారు. అప్పుడు నోరు తెరిచాడు చూడండి, పెరట్లో కోళ్లు గోడెక్కాయి.

"అదీ!" అంది నూకాలమ్మ.

పండుగ రోజు రానే వచ్చింది. బావి చుట్టూ తోరణాలు, చుట్టూ జనం, పందిరి కింద పైదేశపు వర్తకులు. సూర్యుడు నడినెత్తికి రాకముందే తొలిబొక్కెన నిండుగా పైకి రావాలి. రాకపోతే ఆ ఏడు నూనె అచ్చిరాదని ఏ వర్తకుడూ కొనడు. రాజుగారు పట్టుబట్టలు కట్టుకుని, చేతికి గంధం రాసుకుని, తాడు పట్టుకున్నాడు. పక్కన ఆనందభట్టు గొడుగు పట్టాడు. కావలివాళ్ల నడుమ గవరయ్య, చేతులు కట్టేసి ఉన్నాడు. సాయంత్రం ఓడకు తెరచాపలు అప్పుడే కడుతున్నారు.

తిప్పన కళ్లు మూసుకుని, ఇలవేల్పును తలుచుకుని, బావిలోకి దిగాడు.

అడుగు చేరగానే తలెత్తి అరిచాడు: "రాజాధిరాజా! దీనజనబాంధవా! తమరి కీర్తి పున్నమి వెన్నెల! తమరి చేతిలో తాడు నాకు తల్లి ఒడి!"

రాజుగారి మొహం విప్పారింది. మరుక్షణం బావిమనుషులు గావుకేకలు పెట్టారు.

"లాగండి! లాగండి! పాడుగాలి ఎక్కింది!"

రాజుకు ఏమీ అర్థం కాలేదు గాని ఆ కేకలకు భయపడి చేతికొద్దీ లాగాడు. గంధం కాస్తా తాటి పీచులో కలిసిపోయింది. తిప్పన నిక్షేపంగా గట్టు మీద కాలు పెట్టాడు. ఖాళీ బొక్కెన వెనకే వచ్చింది.

"ఏమైందిరా? నన్ను పొగుడుతుంటే లాగమంటారేమిటి?" అన్నాడు రాజు, రొప్పుతూ.

ఒక ముసలి బావిమనిషి చేతులు జోడించి చెప్పాడు. "ప్రభూ, బుద్ధిలో ఉన్నవాడెవడూ బావి అడుగున తాడు పట్టినవాణ్ణి పొగడడు. పొగిడాడంటే గాలి చెడిందన్నమాట. వెంటనే లాగకపోతే మనిషి దక్కడు."

వర్తకుల్లో ఒకాయన దగ్గుతున్నట్టు నవ్వు దాచుకున్నాడు. రాజు ఆనందభట్టు వైపు చూశాడు. ఆనందభట్టు గొడుగు వైపు చూశాడు.

"సరే, ఇంక పొగడకు. ఊరికే నూనె తోడి పైకిరా" అన్నాడు రాజు.

"చిత్తం" అని తిప్పన మళ్లీ దిగాడు. ఈసారి కిక్కురుమనలేదు.

"తిప్పనా!" అని పిలిచాడు రాజు. జవాబు లేదు. "తిప్పనా, ఉన్నావా?" నల్లటి బావిలోంచి తన గొంతే తనకు తిరిగొచ్చింది. రాజు కంగారుగా బావిలోకి వంగి చూశాడు.

"కంగారు పడకండి ప్రభూ. మౌనమంటే అంగీకారమన్నారు పెద్దలు. భక్తితో ఊరుకున్నాడు" అన్నాడు ఆనందభట్టు.

"భక్తి కాదు నీ బొంద! మనిషి పోతాడు, లాగండి!" అంది నూకాలమ్మ. మంత్రిని ఏమన్నదో ఆమెకే తెలియలేదు. రాజు లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. తిప్పన మళ్లీ నిక్షేపంగా పైకొచ్చాడు, బొక్కెన మళ్లీ ఖాళీగా వచ్చింది.

సూర్యుడు నడినెత్తికి జానెడు దూరంలో ఉన్నాడు. వర్తకులు లేచి నిలబడి తమలో తాము గుసగుసలాడుకుంటున్నారు.

"అసలు అడుగున ఏం చేస్తే మిమ్మల్ని లాగక్కర్లేదురా?" అని అరిచాడు రాజు బావిమనుషుల మీద.

బావిమనుషులు ఒకరి వెనక ఒకరు నక్కారు. అప్పుడు గవరయ్యే, కట్టేసిన చేతులతో, కావలివాళ్ల మధ్యనుంచి చెప్పాడు. "తిట్టాలి ప్రభూ. తాడు పట్టినవాణ్ణి తిట్టాలి. తిట్టు వినిపిస్తున్నంతసేపూ కిందివాడు బతికి ఉన్నట్టు."

రాజు తిప్పన వైపు తిరిగాడు. "అయితే తిట్టి చావవేం!"

"ఎవరిని ప్రభూ?" అన్నాడు తిప్పన అమాయకంగా.

"తాడు పట్టినవాణ్ణి!"

"తాడు పట్టినవారు ఎవరో సెలవియ్యండి. నాలాంటివాడు తనంతట తాను అంటే ఓడెక్కిస్తారు."

రాజు సూర్యుణ్ణి చూశాడు, వర్తకులను చూశాడు, బొబ్బలెక్కిన తన చేతులు చూసుకున్నాడు.

"నన్నే! నన్ను తిట్టవయ్యా మహానుభావా! నీకు పుణ్యముంటుంది, నోరారా తిట్టు!" అని ఊరంతా వినపడేలా అరిచాడు.

తిప్పన వంగి దణ్ణం పెట్టి, మూడోసారి బావిలోకి దిగాడు.

అడుగున చీకటి. కాళ్ల కింద నూనె జిగటగా అంటుకుంటోంది. తడిగుడ్డలోంచి కూడా వాసన గొంతు పట్టుకుంటోంది. పైన ఆకాశం అప్పచ్చి అంత కనిపిస్తోంది. తిప్పన బొక్కెన ముంచుతూ మొదలుపెట్టాడు.

"ఓరి దున్నపోతా! తాడు పట్టావా, నిద్రపోయావా? బెల్లం పడవలు ఆపించుకుని మూడేళ్లుగా పిల్లలకు పాయసం లేకుండా చేసిన మొండిఘటమా!"

అంతే, నడుముకున్న తాడు ఒక్కసారిగా జారింది. ఒక మూర, రెండు మూరలు. తిప్పన మోకాళ్ల దాకా నూనెలో మునిగాడు. పైవాడికి కోపమొచ్చి వదిలేశాడా? వదిలేస్తే పైకెక్కే దారి లేదు. తన చమత్కారం తన మెడకే చుట్టుకుందని అనుకున్నాడు. నోరు మూసుకుంటే బతుకుతానా, తిడితే బతుకుతానా అని ఒక్క క్షణం ఊగిసలాడాడు. ఆ తర్వాత అరచేతుల్లో కాయలు కాసిన నూకాలమ్మ కళ్లముందు మెదిలింది.

"నలభై రెండు బొమ్మలు పెట్టావు! ఒక్కదాని నెత్తిమీద కాకిరెట్ట తుడిపించావుట్రా పిసినారీ! ఇంటింటా దీపం పెట్టి, ఇంటింటి నోటికీ తాళం పెట్టిన తిక్కలోడా! చెడ్డమాట చెప్పే కుండను చెరసాల్లో దాచిన మంత్రిని పక్కన పెట్టుకుని, నాకు నూటికి నూరని చంకలు గుద్దుకున్న వెర్రివెంగళప్పా!"

తాడు బిర్రుగా బిగుసుకుంది.

పైన ఏం జరిగిందో నూకాలమ్మ అతనికి తర్వాత చెప్పింది. మొదటి తిట్టు వినపడగానే రాజుగారి చేతులు సడలాయట. ఆనందభట్టు చెవి దగ్గర చేరి, "వదిలేయండి ప్రభూ! ఇంత మాటా! వదిలేయండి!" అన్నాడట. అప్పుడు రెండో తిట్టు వచ్చింది. రాజు పళ్లు బిగించి తాడు లాగి పట్టి, "నువ్వు నోరు ముయ్యవయ్యా! నీ గోలలో వాడి గొంతు వినపడ్డం లేదు" అన్నాడట.

సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకు వచ్చేముందు తొలిబొక్కెన పైకొచ్చింది. అంచుల దాకా నల్లగా మిసమిసలాడుతోంది. వెనకే తిప్పన, ఒళ్లంతా నూనెతో, పళ్లు మాత్రం తెల్లగా. వర్తకులు చప్పట్లు కొట్టారు. జనం మాత్రం కొట్టలేదు, రాజుగారి మొహం వైపే చూస్తున్నారు.

రాజు బొబ్బలెక్కిన చేతులు చూసుకున్నాడు. నూనె ఓడుతున్న తిప్పనను చూశాడు. "కాకిరెట్టా?" అన్నాడు. పెదవి కొస కదిలింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వాడు. అది చూసి మంగలి నవ్వాడు, అత్తగారూ కోడలూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు, ఊరికి ఇన్నాళ్ల నవ్వు బాకీ ఒక్కసారే తీరింది.

"మాట ఇచ్చాను. వాడి కట్లు విప్పండి. శాసనం తెచ్చి, చింపి, ఈ బావిలో పారేయండి" అన్నాడు రాజు. తర్వాత తన పచ్చల కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు. నూనె చేతికి అది జారి కిందపడింది. మళ్లీ తీసి తొడిగాడు.

"తిప్పనా, ఒక్కటి చెప్పు. నన్ను ఇంతకాలం అందరూ పొగిడారు. ఆ గాలి తలకెక్కింది పొగిడినవాళ్లకా, నాకా?"

"పొగిడినవాళ్లకు భయం ఎక్కింది ప్రభూ. గాలి ఎక్కింది తమరికి. తాడు లాగేవాళ్లు లేక ఇన్నాళ్లూ అడుగునే ఉండిపోయారు" అన్నాడు తిప్పన.

రాజు తలూపాడు.

ఈలోగా నూకాలమ్మ గవరయ్యను పట్టుకుని, "ఒక గింజ వేసి రాక నీకెందుకయ్యా ఈ పెత్తనాలు! చచ్చినాడా!" అని ఏడుస్తూ తిడుతోంది. గవరయ్య ఆ తిట్లు వింటూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. రాజు వాళ్ల దగ్గరకు నడిచాడు. మనుషులు తప్పుకుని దారి ఇచ్చారు.

"గవరయ్యా, నా గురించి నీకు రెండు ముక్కలున్నాయన్నావట. ఏమిటవి?"

గవరయ్య నవ్వు ఆపి చేతులు కట్టుకున్నాడు. "మొదటిది నేలమీదే చెప్తాను ప్రభూ. పోయినేడు మా అమ్మ పోయింది. పోయేముందు దీపం దగ్గరకు తెమ్మని, నా మొహం చూసుకుని, తడిమి, కళ్లు మూసింది. మా నాయన పోయినప్పుడు ఇంట్లో దీపం లేదు. ఆయన చివరిచూపు మాకు దక్కలేదు. ఆ వెలుగు తమరి చలవే. బతికున్నంతకాలం మర్చిపోను."

రాజు ఉత్తరీయంతో కళ్లొత్తుకున్నాడు. తర్వాత అడిగాడు. "మరి రెండోది?"

"రెండోది పైన చెప్పేది కాదు ప్రభూ. కింద చెప్పేది."

అంటూనే గవరయ్య నడుముకు తాడు కట్టుకున్నాడు. ముక్కుకు గుడ్డ చుట్టుకుని బావి అంచున నిలబడ్డాడు. నూకాలమ్మ అలవాటుగా తాడు అందుకోబోయింది. రాజు ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. బొబ్బలు మండుతున్నా రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

గవరయ్య దిగాడు. బావిలోంచి తిట్లు మొదలయ్యాయి. తిప్పన తిట్లు వాటిముందు నిజంగానే సంధ్యావందనం. చుట్టూ జనం చెవులు మూసుకుని వేళ్ల సందుల్లోంచి విన్నారు. రెండో బొక్కెన వచ్చింది, మూడోది వచ్చింది, నాలుగోది కూడా వచ్చింది. రాజుగారు ఒక్కో తిట్టుకూ ఉలిక్కిపడుతూ, నవ్వుతూ, తాడు మాత్రం వదల్లేదు. చివరికి బావిలోకి వంగి కేక వేశాడు.

"గవరయ్యా! అయిపోయిందా?"

"ఎక్కడ ప్రభూ!" అని లోపల్నుంచి గొంతు ఖంగున పలికింది. "ఇంకా తమరు గద్దెనెక్కిన మొదటి ఏడే నడుస్తోంది!"